దానానికి ద్వారం తెరిచి, వార్తకు గడియ పెట్టి...

చలికాలంలో దుప్పట్లు, బడులు తెరిచే వేళకు పుస్తకాలు, వరదలు ముంచెత్తితే బియ్యం, మంచినీళ్లు, రక్తం కొరత ఏర్పడితే రక్తదాన శిబిరాలు... నగరాల్లోని ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో కేంద్రాలకు ఇటువంటి సేవా కార్యక్రమాలు సినిమా పాటలంత పరిపాటి అయ్యాయి. ప్రతి ఉదయం వినవచ్చే పరిచితమైన గొంతు ఒక పిలుపునిస్తుంది. శ్రోతలు ఉదారంగా స్పందిస్తారు. ఇందులోని సేవాభావాన్ని శంకించనక్కరలేదు. అయితే దీని వెనుక రెండు కారణాలున్నాయి. ఒకటి, శ్రోతల అభిమానాన్ని నిలుపుకోవలసిన వ్యాపార అవసరం. రెండు, రేడియో సొంతంగా వార్తలు చెప్పరాదన్న ప్రభుత్వ నిబంధన. మొదటిది అందరికీ తెలిసిందే. రెండోది అంతగా చర్చకు రావడం లేదు.

పాత అనుబంధమే

రేడియోకు, శ్రోతకు మధ్య ఆత్మీయత కొత్తదేమీ కాదు. రేడియో సిలోన్‌లో 1952లో ఆరంభమైన బినాకా గీత్‌మాలా దేశమంతటినీ కట్టిపడేసింది. కోరిన పాటల కోసం ఉత్తరాలు గుప్పించిన శ్రోతల పుణ్యమా అని ఝుమ్రీ తలయ్యా అనే చిన్న ఊరి పేరు యావద్దేశానికీ తెలిసింది. తెలుగునాట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తరాల పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలుచుకున్నారు. వారి బాలానందం ఆకాశవాణి కార్యక్రమంతో ఆగిపోక, బాలల సంఘంగా కూడా వేళ్లూనుకుంది. పుణె ప్రాంతంలో 1956లో యునెస్కో సాయంతో ఆకాశవాణి 150 గ్రామాల్లో వ్యవసాయ శ్రోతల బృందాలను ఏర్పరచింది. రైతులు కూడి కార్యక్రమం వినేవారు, చర్చించేవారు, తమ ప్రశ్నలను తిరిగి కేంద్రానికి పంపేవారు. శ్రోత వినేవాడిగానే మిగిలిపోకుండా పాల్గొనేవాడుగా మారినప్పుడే అనుబంధం గట్టిపడుతుందని ఈ అనుభవాలన్నీ చాటాయి.

బెంగళూరులో 2001 జూలైలో తొలి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రం ప్రారంభమైన తరువాత పోటీ తీరు మారింది. ఒకే పాటను ఒకే నగరంలో అరడజను కేంద్రాలు వినిపిస్తుంటే, మీట తిప్పకుండా శ్రోతను ఆపగలిగేది పాట కాదు, పాటకూ పాటకూ నడుమ మాట్లాడే మనిషి. ఆ మనిషి పిలుపు మేరకు ఒక దుప్పటి ఇచ్చిన శ్రోత ఆ కేంద్రాన్ని తనదిగా భావిస్తాడు. తానిచ్చింది ఎవరికి చేరిందో వినడానికి మర్నాడు మళ్లీ రేడియో పెడతాడు. ఎన్ని ప్రకటనలు గుప్పించినా దక్కని నమ్మకం ఒక మంచి పనితో దక్కుతుంది. కేంద్రం ప్రకటనదారులకు అమ్మగలిగిన సరుకు కూడా ఆ నమ్మకమే.

చెన్నై చూపిన బలం, బలహీనత

ఈ నమ్మకానికి ఎంత బలముందో 2015 డిసెంబరు నాటి చెన్నై వరదలు నిరూపించాయి. అనేక ప్రాంతాల్లో విద్యుత్తు పోయింది, ఫోన్లు మూగవోయాయి. బ్యాటరీతో నడిచే రేడియో ఆ చీకట్లో అక్కరకు వచ్చింది. ఎఫ్.ఎం. వ్యాఖ్యాతగా పేరొందిన ఆర్.జె. బాలాజీ, సినీ నటుడు సిద్ధార్థ్ తదితరులు స్వచ్ఛంద బృందాలను సమన్వయపరచి సాయం చేరవేశారు. రోజూ ఆకతాయి మాటలతో నవ్వించే గొంతుకు ఆపదవేళ జనం కదిలివచ్చారు.

నీరు తీసింది. ఆ తరువాత అడగవలసిన ప్రశ్నలు మిగిలాయి. చెరువులు, వాగులు ఎవరి అనుమతితో కట్టడాల కింద కనుమరుగయ్యాయి? చెంబరంబాక్కం జలాశయం నుంచి నీటిని సకాలంలో, సక్రమంగా విడుదల చేశారా? 2018లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక సైతం జలాశయ నిర్వహణను తప్పుపట్టింది. పత్రికలు ఈ విషయాలను రాశాయి, టెలివిజన్ చానళ్లు చర్చలు జరిపాయి. వరద బాధితులకు అన్నం పొట్లాలు పంచడానికి ప్రైవేటు రేడియోకు ఏ అడ్డంకీ లేదు. ఆ వరద ఎందుకు వచ్చిందో ఆరా తీసి వార్తగా చెప్పే అధికారం మాత్రం లేదు.

కేంద్ర ప్రభుత్వం 2011లో ప్రకటించిన మూడో దశ ఎఫ్.ఎం. విధానం ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, నీరు, విద్యుత్తు సరఫరా, ప్రకృతి వైపరీత్యాల వంటి సమాచారాన్ని వార్తేతరంగా పరిగణించి అనుమతించింది. వార్తలు కావాలంటే ఆకాశవాణి బులెటిన్లను మార్పులు లేకుండా వినిపించుకోవాలి. అంటే, నీళ్లు రేపు రావని చెప్పవచ్చు. ఎందుకు రావో సొంతంగా విచారించి చెప్పరాదు. ఇట్టి పరిస్థితిలో ఊరి సమస్యను స్పృశించడానికి రేడియోకు మిగిలిన మార్గం దానమొక్కటే. ప్రభుత్వాసుపత్రిలో రక్తం కొరత ఉందంటే దాతలను పిలుస్తుంది. కొరతకు బాధ్యులెవరన్నది శ్రోత చెవిన పడదు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్, 2008 అక్టోబరులో నాటి మెదక్ జిల్లా మాచునూరులో సంఘం రేడియోను ప్రారంభించారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు నడిపే ఆ కేంద్రం దానాలు పంచి శ్రోతలను సంపాదించలేదు. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు, ఆరోగ్యం గురించి ఊరివారి చేతనే ఊరి భాషలో మాట్లాడించింది. అక్కడ శ్రోత గ్రహీత కాదు, వక్త. అయినప్పటికీ వార్తల ఆంక్ష ఇటువంటి కమ్యూనిటీ రేడియోలకు సైతం వర్తించింది.

నేపాల్ నేర్పిన పాఠం

పొరుగున ఉన్న నేపాల్ వేరే దారి పట్టింది. అక్కడ 1997లో మొదలైన రేడియో సాగర్‌మాథా తరువాత జిల్లా జిల్లాకూ స్థానిక కేంద్రాలు వెలిశాయి. అవి వార్తలు చెప్పాయి. 2005 ఫిబ్రవరిలో రాజు జ్ఞానేంద్ర అధికారం చేజిక్కించుకుని ఎఫ్.ఎం. వార్తలను నిషేధించినప్పుడు, రేడియో విలేఖరులు వార్తలను పాటలుగా పాడారు, వీధుల్లో నిలబడి చదివారు. పదేళ్ల తరువాత, 2015 ఏప్రిల్‌లో సుమారు 9 వేల మందిని బలిగొన్న భూకంపం వచ్చినప్పుడు, భవనాలు దెబ్బతిన్న కేంద్రాలు గుడారాల నుంచి ప్రసారాలు కొనసాగించాయి. సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడంతోపాటు ఎక్కడికి చేరలేదో కూడా చెప్పగలిగాయి. సేవ, ప్రశ్న ఒకే నోట వినిపించినందున నమ్మకం ఇనుమడించింది.

ప్రభుత్వం వెలిబుచ్చే భయాన్ని పూర్తిగా కొట్టిపారవేయలేము. వందలాది చిన్న కేంద్రాలపై నిఘా కష్టమని, పుకార్లు రేగితే శాంతిభద్రతలకు ముప్పని అధికారుల వాదన. కానీ రేయింబవళ్లు వార్తలు ప్రసారం చేసే వందలాది టెలివిజన్ చానళ్లకు లేని ఆంక్ష రేడియోకే ఎందుకన్న ప్రశ్నకు ఇది సమాధానం కాదు. కమ్యూనిటీ రేడియోలు తమ ప్రసారాల రికార్డులను మూడు నెలలపాటు భద్రపరచాలన్న షరతు ఉండనే ఉంది. తప్పు చేసినవారిని పట్టుకోవడానికి అది చాలు. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు గంటలో 10 నిమిషాలకు మించకుండా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేసే అవకాశమివ్వాలని ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫార్సు చేసింది. నిర్ణయం తీసుకోవలసింది ప్రభుత్వమే. కొత్తగా 234 పట్టణాలలో 730 చానళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం 2024లో ఆమోదం తెలిపినందున ఈ ప్రశ్న చిన్న పట్టణాలకూ విస్తరిస్తోంది.

రేడియో కేంద్రాల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. శ్రోతల నుంచి సేకరించిన ప్రతి రూపాయికీ, ప్రతి దుప్పటికీ లెక్కను పిలుపునిచ్చిన గొంతుతోనే ప్రసారంలో చెప్పాలి. సాయం పొందినవారి దైన్యాన్ని ప్రచార సామగ్రిగా వాడుకోరాదు. దానం ఆపదను గట్టెక్కిస్తుంది. అదే ఆపద మరుసటి ఏడు తిరిగి రాకుండా ఆపగలిగేది మాత్రం ప్రశ్న. శ్రోతను దాతగా మలచుకోవడంలో రేడియో కృతకృత్యమైంది. అతడిని పౌరుడిగా కూడా గుర్తించే అవకాశం రేడియోకు ఇవ్వడమా, మానడమా అన్నది ఢిల్లీ తేల్చవలసి ఉంది.