గుండ్రని బల్ల చుట్టూ

పిల్లలూ! తెలివిగలవాళ్లని పేరుపడ్డవాళ్లు రెండు మూడు వందలమంది ఒకచోట చేరారనుకోండి. వాళ్లేం చేస్తారు? పెద్ద పెద్ద లెక్కలు కడతారా? ఎవరు గొప్పో తేల్చుకోవడానికి వాదాలకు దిగుతారా? అటువంటి సంఘం ఒకటి నిజంగానే ఉన్నది. వాళ్లు చేరినప్పుడు చేసే పనులు వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. కాస్త నవ్వు కూడా వస్తుంది.

ఆ సంఘం పేరు మెన్సా. అది 1946లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పుట్టింది. స్థాపించినవారు రోలాండ్ బెరిల్ అనే బారిస్టరు, లాన్స్‌లాట్ వేర్ అనే శాస్త్రజ్ఞుడు. వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది రైలుపెట్టెలో! మెన్సా అంటే లాటిన్ భాషలో బల్ల. గుండ్రని బల్ల చుట్టూ కూర్చుంటే మొదటి చోటు, చివరి చోటు అంటూ ఉండవు గదా! మన పెళ్లి విందుల్లో పంక్తి మొదట ఎవరు కూర్చోవాలన్న దగ్గర ఎన్ని అలకలు వస్తాయో మీ అమ్మమ్మగారిని అడగండి. ఆ బాధ లేని బల్ల అన్నమాట.

ఈ సంఘంలో చేరేవారిని నీ మతమేది, నీ దేశమేది, ఏం చదివావు, ఏం ఉద్యోగం అని అడగరు. నియమం ఒక్కటే. బుద్ధి పరీక్ష రాసి, నూటికి తొంభై ఎనిమిదిమందిని దాటి పైన ఉన్న ఇద్దరిలో ఒకరుగా నిలవాలి.

బుద్ధి పరీక్ష అనగానే మీ అమ్మానాన్నలు ఈ పేజీ కేసి తొంగిచూస్తారని నాకు తెలుసు. “మాస్టారూ, మావాడి ఐ.క్యూ. ఎంత ఉంటుందంటారు?” అని నన్నడిగిన తండ్రులు ఎందరో! అందుచేత ఆ లెక్క సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను. మేము ఉపాధ్యాయ శిక్షణలో దీన్ని ప్రజ్ఞాలబ్ధి అని చదువుకున్నాం. పదేళ్ల పిల్లవాడు పన్నెండేళ్లవాళ్లు చేయగల పనులు చేశాడనుకోండి. పన్నెండును పదితో భాగించి నూరుతో హెచ్చిస్తే 120. ఇది పాత లెక్క. ఇప్పుడు అదే వయసువాళ్లందరి మార్కులతో పోల్చి చూస్తారు. అయితే ఈ పరీక్షను మొదట ఎవరికోసం తయారుచేశారో ఊహించగలరా? తెలివిగలవాళ్లను ఏరడానికి కానే కాదు! 1905లో పారిస్ నగరంలో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ అనే ఇద్దరు పండితులు, బడిలో వెనుకబడుతున్న పిల్లలను గుర్తించి, వాళ్లకు ప్రత్యేకంగా సాయం చేయడం కోసం దాన్ని తయారుచేశారు. పిల్లల బుద్ధి పుట్టుకతో వచ్చినంతే, ఇక పెరగదు అనేవాళ్లంటే బినేకు మహా కోపం. 1909లో రాసిన పుస్తకంలో వాళ్లను గట్టిగా ఖండించాడు కూడా.

ఇక బెరిల్ కథ విచిత్రమైనది. ఆయన పెద్దింటివాళ్లంటే అభిమానం ఉన్న మనిషి. తెలివిలో గొప్పవాళ్లు గొప్ప ఇళ్లలోనే ఎక్కువగా ఉంటారని ఆశపడ్డాడు కాబోలు. తీరా పరీక్షలో నెగ్గి వచ్చినవాళ్లను చూస్తే, వాళ్లలో ఎక్కువమంది సామాన్యుల ఇళ్లనుంచి వచ్చినవాళ్లే! ఆయనకు కొంత నిరాశ కలిగిందట. నాకు మాత్రం ఈ సంగతి చదివినప్పుడు పట్టరాని సంతోషం వేసింది. కొన్నాళ్లకు ఆ సంఘాన్ని భుజాన వేసుకొని పెద్దది చేసిన విక్టర్ సెరెబ్రియకాఫ్ కూడా అటువంటివాడే. చిన్నతనంలోనే బడి మానేసి కూలిపనులు చేశాడు, తరువాత కలప పరిశ్రమలో పనిచేశాడు. ఇవాళ ఆ సంఘంలో లక్షకు పైగా సభ్యులు అనేక దేశాల్లో ఉన్నారు.

1960లో అమెరికాలో శాఖ మొదలైంది. అక్కడి వాళ్లకు ఊరూరా జట్లున్నాయి. కొన్ని జట్లు ఏడాదికి ఒకసారి చుట్టుపక్కల ప్రాంతాలవారిని పిలుస్తాయి. శుక్రవారం సాయంకాలం ఒక హోటలులో చేరి ఆదివారందాకా ఉంటారు. ముందుగా చెప్పవలసింది తిండి గది గురించి. పగలూ రాత్రీ ఆ గదిలో తినుబండారాలు, కాఫీ ఉంటూనే ఉంటాయి; సభకంతటికీ అదే నడిబొడ్డు. పక్కగదుల్లో ఒకరు తమకు తెలిసిన విషయం మీద ఉపన్యాసం ఇస్తుంటే, మరొకచోట తెల్లవార్లూ ఆటలు. చిన్నపిల్లలను తెచ్చుకున్నవాళ్లకోసం పిల్లల కార్యక్రమాలు వేరే.

ఒకరినొకరు చూడగానే కౌగిలించుకోవడం అక్కడ కొందరికి అలవాటు, కొందరికి మహా ఇబ్బంది. దానికి వాళ్లు చేసిన ఏర్పాటు చూడండి! పేరు రాసిన బిళ్లమీద రంగు చుక్క అంటించుకుంటారు. ఆకుపచ్చ అయితే కౌగిలించుకోవచ్చు. పసుపు అయితే ముందు అడగాలి. ఎరుపు అయితే దూరంనుంచే నమస్కారం. రోడ్డుమీద దీపాల లాగానే!

షికాగో జట్టువారి సభ మరీ తమాషా. అది అక్టోబరు చివర, అక్కడివాళ్లు వేషాలు వేసుకొనే పండుగ రోజుల్లో జరుగుతుంది. చాలామంది వేషంలో శ్లేష ఉంటుంది. చూసినవాళ్లు దాన్ని విప్పాలి. మన భాషలో చెప్పాలంటే, ఒకడు నెత్తిన కిరీటం పెట్టుకొని, మెడలో క్యాలెండరునుంచి చించిన ఒక కాగితం వేలాడదీసుకొని వచ్చాడనుకోండి. ఎవరు? నెలరాజు! నూటికి ఇద్దరుగా తేలినవాళ్లు చేసే పని ఇది. లోపలికి వచ్చాక ఎవడికి ఎన్ని మార్కులని అడిగేవాడు లేడు. నీ వేషం అర్థమైందా, నా హాస్యానికి నవ్వావా, అంతే. తరగతిలో అందరూ ఊరుకుంటే తానొక్కడే “ఎందుకు?” అని అడిగి నవ్వులపాలయ్యే పిల్లలను ముప్పైయేళ్లపాటు చూశాను. వాళ్లకు కావలసింది మెడల్ అనుకుంటారు పెద్దలు. వాళ్లు వెతికేది తమ ప్రశ్న విని “అవును, నాకూ అదే అనుమానం!” అనే స్నేహితుడిని.

అమెరికా శాఖవారు 1990నుంచి మరొక సభ నడుపుతున్నారు. కొత్తగా తయారైన బల్లమీద ఆటలను తెచ్చి, సభ్యులు నిద్ర కూడా మాని ఆడి చూసి, అయిదింటికి తమ ముద్ర ఇస్తారు. 1991లో ముద్ర పొందిన ఆటల్లో ఒకటి “సెట్”. దీన్ని కనిపెట్టిన మార్షా ఫాల్కో అనే ఆవిడ 1974లో, కుక్కలకు మూర్ఛ వంశపారంపర్యంగా వస్తుందా అని పరిశోధిస్తూ, వివరాలను అట్టముక్కలమీద గుర్తులుగా వేసుకునేది. ఆ గుర్తులే ఆటగా మారాయి!

పాత అట్టలుంటే మీరూ చేసుకోవచ్చు. ప్రతి ముక్కమీద ఒకటి గాని, రెండు గాని, మూడు గాని బొమ్మలు. ఆకారాలు మూడు: కోడిగుడ్డు, డైమను, పాములాంటి వంకర. రంగులు మూడు: ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. నింపడంలోనూ మూడు రకాలు: పూర్తిగా రంగు వేసినది, చారలు గీసినది, ఖాళీది. మూడును నాలుగుసార్లు హెచ్చిస్తే 81 ముక్కలు. పన్నెండు ముక్కలు బల్లమీద పరిచి, మూడేసి ముక్కల జట్లను వెతకాలి. జట్టులో అంకె, ఆకారం, రంగు, నింపడం, ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ మూడు ముక్కల్లోనూ ఒకటే అయినా కావాలి, మూడింటిలో మూడు రకాలైనా కావాలి. ముందుగా చూసినవాడు “సెట్!” అని అరిచి ఎత్తుకుంటాడు. ఏ రెండు ముక్కలు తీసుకున్నా వాటికి సరిపడే మూడవది ఒక్కటే ఉంటుంది.

సరే, నా చేతిలో పూర్తిగా నింపిన ఎర్ర కోడిగుడ్డు ఒకటి ఉన్న ముక్క, పూర్తిగా నింపిన ఆకుపచ్చ డైమనులు రెండు ఉన్న ముక్క ఉన్నాయి. మూడవ ముక్క మీద ఏముండాలి?