సర్వేయర్ చూడనిది
ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ వైపు పాతికేళ్ల తెరచాప పడవ ఒకటి బేరమాడుకుని, సర్వే రిపోర్టు చేతికి రాగానే కొనేవాడికి గుండె గుభేలుమంటుంది: ముప్పై పేజీలు, పేజీకో లోపం. నన్నడిగితే ఆ చిట్టాకంటే ముందు చదవాల్సింది 'చూడటానికి వీలుపడలేదు' అని రాసిన చోట్లు. ఫైబర్‌గ్లాస్ అడుగులో తేమ ఎక్కువని మీటరు చూపిందా? పడవను నిన్ననే నీళ్లలోంచి పైకి లేపి ఉంటే ఎక్కువే చూపిస్తుంది. కొన్ని వారాలు ఆరనిచ్చి మళ్లీ కొలిస్తే గానీ ఆ అంకెను నమ్మలేం. అడుగు మీద బొబ్బలు కనబడ్డా అవి చాలావరకు ధర తగ్గించుకోవడానికి పనికొచ్చేవే తప్ప పడవను ముంచేవి కావు. పడవ అడుగున బిగించిన కీల్ సంగతి అలా కాదు, పడవను నిటారుగా నిలబెట్టే బరువంతా దానిదే. 2014 మే నెలలో ఆంటిగువా నుంచి సౌతాంప్టన్‌కు తిరిగొస్తున్న 'చీకీ రఫీకీ' అనే తెరచాప పడవకు అట్లాంటిక్‌లో కీల్ ఊడిపోయింది. అందులో ఉన్న నలుగురూ దక్కలేదు. అంతకుముందు నేల తగిలిన దెబ్బలకు లోపలి చట్రం అతుకు వీడి, ఎవరి కంటా పడకుండా ఉండిపోయి ఉండొచ్చని బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం రాసింది. అలాంటి చోట సర్వేయర్ చిన్న సుత్తితో తట్టి వింటాడు, కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసిన పనే! అయితే పైన చెక్క నేల బిగించేసి ఉంటే తట్టేదెక్కడ? పరుపుల బూజుకు అరపేజీ కేటాయించిన రిపోర్టులో కీల్‌ను పట్టి ఉంచే బోల్టులకు ఒక్క వాక్యమే దక్కితే, కొనుగోలు ఖాయం చేసేముందు సర్వేయర్‌కు ఫోన్ చేసి ఆ చెక్కలు ఎత్తి చూశారా అని అడగండి.