బృందగానమున నొక గొంతు



గడచిన మాసమున మా ఆకివీడులో బాలికలు పదునేవురు గూడి భక్తికీర్తనలు పాడి సెల్‌ఫోనున రికార్డు చేసిరి. మా యింటి వసారాయే గానసభ. ఫోను పట్టుకొని నిలుచుట మా పంతులుగారి పని. రైలు కూతయు, చేపల లారీల మ్రోతయు నడ్డుపడి యొక్క కీర్తననే యేడుమారులు పాడవలసివచ్చెను.

పాడినవి రెండు విధములు. త్యాగరాజస్వామివారి (1767-1847) దివ్యనామ కీర్తనలు భజనగోష్ఠికే తగినవి. చరణములన్నియు నొకే వరుసలో నడచును గనుక నొకరు చరణము పాడగా తక్కినవారు పల్లవి నందుకొనవచ్చును. రెండవవి అన్నమాచార్యులవారి సంకీర్తనలు. వీనిని ప్రాతవనవలెనా, క్రొత్తవనవలెనా? 1503లో పరమపదించిన యా మహనీయుని మాటలు తిరుమల రాగిరేకులపై నిలిచినవి. రేకుపై రాగము పేరు కలదు గాని పాడు వరుసను దెలుపు స్వరలిపి సాధారణముగా లేదు. నేడు మనము విను వరుసలలో పెక్కు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893-1979) మొదలగు విద్వాంసులు 20వ శతాబ్దిలో కట్టినవే. మాట తాతది, బాణీ మనుమనిది యని మా యత్తగారు నవ్విరి.

వారిలో నొక పిల్ల గొంతు బొంగురు. పాట నేర్పువారు "నీవు పెదవులు మాత్రము కదల్పుము" అనిరి. పిల్ల మారుపలుకక యట్లే చేసెను. రికార్డు విని యందరును మెచ్చుకొనిరి. ఆ పిల్ల తల్లి మాత్రము రాత్రివేళ మా యింటికి వచ్చి, "ఇందులో మా అమ్మాయి గొంతు ఏదమ్మా?" అని యడిగెను. మాకు నోట మాట రాలేదు.

పాశ్చాత్యుల బృందగానమున హెచ్చు గొంతునకొక వరుస, తగ్గు గొంతునకొక వరుస యుండును. మన గోష్ఠి యొకే వరుసన నడచును గనుక తగ్గు గొంతు పిల్ల పైస్థాయి నందుకొనలేదు. అది పిల్ల తప్పా? మా వీధి చివరి ప్రార్థనామందిరమున పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) కీర్తనలను ముసలివారు, పసివారు, బొంగురువారు కలిసియే పాడుదురు. అచట నెవ్వరినైన మానుమనుట మేమెన్నడు వినలేదు.

మరునాడు మేమే శ్రుతిపెట్టెను అయిదు నుండి నాలుగునకు దించి, యొక దివ్యనామ కీర్తనను మరల పాడించితిమి. రెండవ చరణమున నా పిల్ల గొంతు స్పష్టముగా వినబడుచున్నది; ఒకచోట తాళము తప్పినది కూడ. తల్లి దానినే మూడుమారులు వినెను. నేర్పినవారికి మాపై కోపము కలదు. వచ్చు ఆదివారము తక్కినవియు పాడింపవలెను. లారీలు రాని వేళ చూచుకొనవలెను.