దోనె ఎక్కడ నిలపాలి? వల ఎవరు వేయాలి?

ధ్యాన భాగములు: లూకా 5:1–11, యోహాను 21:1–14, ప్రసంగి 4:9–12



గలిలయ సరస్సులో చేపలు విస్తారముగా పడిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. కాని ప్రసంగాలలో మనము అద్భుతము దగ్గర ఆగిపోయి, ఆ మనుషుల చేతిపనిని దాటిపోతూ ఉంటాము. వల నీళ్లలో పడకముందే జాలరి మూడు సంగతులు తేల్చుకోవాలి. దోనె ఎక్కడ నిలపాలి? వల ఎవరు వేయాలి? దానిని ఎందరు లాగాలి? ఏటి ఒడ్డునా సముద్రపు ఒడ్డునా కాపురముండే మన కుటుంబాలకు ఇవి దినదినము ఎదురయ్యే ప్రశ్నలే. ఈ నెల వాటిని గూర్చి కొంచెము ఆలోచిద్దాము.

ముందుగా ఆ సరస్సును చూడండి. దాని పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 13 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, కొండల నడుమ ఉన్నది. అందుచేత కొండల మీదనుండి గాలి ఒక్కసారిగా దిగి అలలు లేపుతుంది. కపెర్నహూముకు దగ్గరలో వెచ్చని ఊటలు సరస్సులో కలుస్తాయి. చలికాలములో చేపలు ఆ వెచ్చదనానికి అక్కడికి చేరుతాయి. జాలరి తనకు అనువైన చోట దోనె నిలపడు. చేప ఎక్కడికి, ఎందుకు వస్తుందో తెలుసుకొని అక్కడికి తానే వెళ్తాడు.

సువార్తలలో మనకు కనబడే వలలు ఒకే విధమైనవి కావు. మొదటిది విసురు వల. మార్కు 1:16లో సీమోను, అంద్రెయ వేయుచున్నది ఇదే. గుండ్రని వల, అంచు చుట్టూ బరువులు. ఇది ఒక్కడు వేయగల వల. లోతు లేని నీటిలో నడుచుకుంటూ పోయి వేయవచ్చు, దోనె మీదనుండి కూడా వేయవచ్చు.

అయితే దోనె మీద ఒంటరిగా వేసేవానికి చిక్కు ఉన్నది. వల బలముగా విసరగానే దోనె వెనుకకు జరిగి ప్రక్కకు తిరుగుతుంది. కాబట్టి ఒంటరివాడు ముందే లంగరు దించాలి, లేదా గెడ పాతి దోనె కట్టుకోవాలి. గాలి వీపున ఉండాలి. ఎదురుగాలికి వల ముడుచుకొని మీదికే వస్తుంది. సూర్యుడు వీపున ఉంటే మన నీడ మనకంటే ముందు నీటి మీద పడి చేపను బెదరగొట్టును. ఎదురుగా ఉంటే నీటి మెరుపుకు చూపు ఆనదు. కాబట్టి సూర్యుడు ఒక ప్రక్కగా ఉండునట్లు నిలబడుట మంచిది.

ఇద్దరున్నప్పుడు పని వేరు. ఒకడు ముందుకొనన నిలిచి విసురుతాడు. మరొకడు వెనుక క్రిందుగా కూర్చుండి గెడతోనో తెడ్డుతోనో దోనెను చప్పుడు లేకుండా నిలుపుతాడు. ఇద్దరూ ఒకే ప్రక్కకు ఒరిగితే దోనె తిరగబడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట చెప్పితే దోనె తిరుగుతూనే ఉంటుంది. విసిరేవాడు చేపను చూస్తాడు, వెనుకవాడు గాలిని నీటివాటమును చూస్తాడు. ఎవరి చూపు వారిదే. చేప పడిన తరువాత ఊరిలో విసిరినవాని పేరే చెప్పుకుంటారు. కాని గెడ పట్టినవాడు లేకపోతే ఆ విసురు ఎక్కడ పడేదో!

రెండవది రాత్రి వల. లూకా 5వ అధ్యాయములో ఆ రాత్రి వేసిన వలలు చాలా పొడవైనవై, బహుశః మూడు పొరలు కలవై యుండునని ఆ సరస్సు చేపల వేటను పరిశీలించినవారు చెప్పుదురు. ఆ దినములలో వలలు నారతో అల్లేవారు. పగటి వెలుగులో ఆ దారములు చేపకు కనబడేవి. అందుచేత రాత్రి వేట, ఉదయాన వలలు కడిగి ఆరబెట్టుట. ఇది తెలిస్తే సీమోను జవాబులోని బరువు మనకు తెలుస్తుంది. పగటివేళ, లోతు నీటిలో, అప్పుడే కడిగిన వలలు మరల దించుట అతని అనుభవానికి పూర్తిగా విరుద్ధము. అతడు తన కష్టము దాచలేదు. చెప్పుకున్నాడు, ఆ తరువాత విధేయుడయ్యాడు.

అప్పుడేమి జరిగింది? వలలు పిగిలిపోసాగాయి. సీమోను కేక వేసి దేవుని స్తుతించుటకు ముందుగా వేరొక దోనెవారికి చేతితో సైగ చేశాడు. వాళ్లు వచ్చారు. రెండు దోనెలూ నిండి మునుగునంతగా బరువెక్కాయి. ఒక్క దోనే ఉంటే ఆ దీవెన నష్టముగా మారియుండేది. మన తెలుగు బైబిలులో వారిని ‘పాలివారు’ అన్నారు. పాలు అంటే వాటా. లాభములోను, పిగిలిన వలలోను, ఖాళీ రాత్రిలోను వాటా ఉన్నవాడే పాలివాడు. దూరమునుండి చేయి ఊపితే చాలును, ఎందుకు పిలిచావని అడుగకుండ వస్తాడు.

మూడవది పెద్దవల. మత్తయి 13:47లో పరలోకరాజ్యమునకు పోలికగా చెప్పబడినది ఇదే. మన కోస్తా తీరమున అలివి వల అనేది ఈ జాతిదే. ఒక కొన తాడు ఒడ్డున ఉంచి, పడవ మీద వలను వంపుగా సముద్రములోనికి తీసికొనిపోయి, రెండవ కొన తాడుతో మరొక చోట ఒడ్డుకు చేరుదురు. ఆ తరువాత రెండు జట్లు రెండు తాళ్లు పట్టి సమముగా లాగాలి. ఒక జట్టు తొందరపడినా, మరొక జట్టు సోమరితనము చూపినా వల ఒరిగి చేప తప్పించుకుంటుంది. ఇక్కడ ఒంటరివానికి పని లేదు.

ఇక యోహాను 21వ అధ్యాయము చూడండి. ఏడుగురు ఒకే దోనెలో ఉన్నారు. రాత్రంతా ఏమియు దొరకలేదు. ఒడ్డు రెండు వందల మూరల దూరము, అనగా సుమారు 90 మీటర్లు. ఒడ్డున నిలిచినవాడు కుడిప్రక్కన వేయమన్నాడు. ఆయన ఎవరో వారికింకా తెలియదు, అయినా వేశారు. ఇందులో జాలరులకు ఆశ్చర్యము లేదు. దోనెలో క్రిందుగా ఉన్నవాని కంటికి కనబడని చేపల గుంపు ఒడ్డున ఎత్తుగా నిలిచినవానికి కనబడుట కద్దు. ప్రభువు మహిమను తగ్గించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఏడుగురు పనివాళ్లు, అందులో సీమోను వంటివాడు, బయటివాని మాట వినుటకు సిగ్గుపడలేదని చెప్పుచున్నాను.

పేతురు నీళ్లలో దూకి ప్రభువు వైపు పోయాడు. మంచిదే. కాని మిగిలినవారు దూకలేదు. చేపలున్న వలను లాగుకొంటూ దోనెలో వచ్చారు. అందరూ దూకితే 153 చేపలు ఏమగును? సంఘములో దూకేవారూ కావాలి, వల విడువక నిలిచేవారూ కావాలి.

1986లో కరువు వలన ఆ సరస్సు నీళ్లు తగ్గినప్పుడు, గిన్నోసారు దగ్గర బురదలో రెండు వేల సంవత్సరాల నాటి దోనె ఒకటి బయటపడింది. పొడవు 8 మీటర్లకు కొంచెము పైన, వెడల్పు 2.3 మీటర్లు. దానిని పరిశీలించినవారు అందులో పన్నెండు రకముల చెక్క కనుగొన్నారు. దొరికిన ముక్కతో మరల మరల అతుకు వేసి నడిపిన పేదవాని దోనె అది. అతుకులున్నా చాలా కాలము తేలింది.

మన తీరపు సంఘములలో ఒక తల్లి నాతో, “అయ్యగారూ, మా చిన్నోడికి ఒడ్డున ఏదైనా పని దొరికేలా ప్రార్థన చేయండి” అన్నది. విచారిస్తే, అన్నతో మాట పడి అతడు ఉప్పుటేరులో రాత్రిళ్లు ఒక్కడే వేటకు పోవుచున్నాడు. తగవు ఎక్కడ? వల బాగుకు అయిన ఖర్చు వాటాలు వేయకముందు తీయాలా, తరువాతనా అన్నదే! సంఘ పెద్ద ఒకరు, నేను వారితో కూర్చున్నాము. ముందు వల ఖర్చు, తరువాత దోనె వాటా, మిగిలినది చెరిసగము అని కాగితము మీద వ్రాసి ఇద్దరిచేతా సంతకము చేయించాము. వారి మధ్య మాటలు ఇంకా తక్కువే. అయినా తమ్ముడు వల విసురుతుంటే అన్న గెడ పట్టుచున్నాడు. ఆ తల్లి రాత్రి నిద్రపోవుచున్నది.

ఒంటరిగా పోక తప్పనివారు కొన్ని జాగ్రత్తలు పాటించండి. ఏ వైపు పోవుచున్నారో, ఎప్పటికి వత్తురో ఇంటిలో చెప్పి వెళ్లండి. ప్రాణరక్షణ కోటు వేసుకోండి. విసురు వల తాడు చేతికి బిగి ముడి వేయకండి, లాగితే ఊడివచ్చు ఉచ్చు వేయండి. గాలి లేచినప్పుడు నిలబడి వల విసరకండి. ఇద్దరు ఒకనికంటే మేలని, ఒకడు పడితే మరొకడు లేవనెత్తునని ప్రసంగి చెప్పినది నీటి మీద అక్షరాలా నిజము.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు: మన ఇంటిలో గెడ పట్టుచున్నది ఎవరు? వారికి కృతజ్ఞత చెప్పామా? మనము చేయి ఊపితే వచ్చే దోనె ఏది? ఎవరైనా చేయి ఊపితే మనము పోవుచున్నామా?

వాటా లెక్క తేలక విడిపోయిన పాలివారు మీలో ఎవరైనా ఉంటే, ఈ వారమే కూర్చుండి లెక్క చూచుకొనుడి. ప్రభువు మీ దోనెలను, మీ ఇండ్లను కాపాడును గాక. ఆమేన్.