తొలిచూలు ఎవరు?

పాడి ఉన్న ఇంట్లో తొలిచూలు అన్న మాటను విడమరచి చెప్పనక్కరలేదు. చూలు అంటే గర్భం. పొట్టి ఆవులకు పేరుపొందిన పుంగనూరు సీమలో పెయ్య మొదటిసారి చూడికట్టినా, కోడలు మొదటిసారి కడుపుతో ఉన్నా అదే మాట. పుట్టిన బిడ్డా తొలిచూలే. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం ప్రాంతంలో కన్నడిగులు దీన్నే చొచ్చల అంటారు, తమిళులు తలైచ్చన్ అంటారు.

ఆస్తి పంపకాల నాటికి మాత్రం ఈ మెత్తని మాట పోయి 'జ్యేష్ఠుడు' వచ్చి కూర్చుంటాడు. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం చూపి రెండు పాళ్లు అడిగే అన్నలు విశ్వాసుల్లోనూ ఉన్నారు. తండ్రికి ఇష్టంలేని భార్య కన్న బిడ్డకు అన్యాయం జరగకూడదనే ఆ ఆజ్ఞ ఇచ్చారన్న సంగతి వాళ్లు చదవరు కాబోలు! క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే బిడ్డల వాటాలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన భాగమే. పెద్దవాడికంటూ ప్రత్యేక భాగం లేదు.

మన బైబిలులో లూకా 2:7లో తొలిచూలు, రోమా 8:29లో జ్యేష్ఠుడు, కొలొస్సయి 1:15లో ఆదిసంభూతుడు అని ఉంది. మూడు చోట్లా గ్రీకు మాట ఒక్కటే, ప్రొటొటొకోస్. పశువుల తొట్టిలోని పసివాడికీ, సర్వసృష్టికి పైనున్న ప్రభువుకూ ఒకే బిరుదన్నమాట! ఆదిసంభూతుడంటే మొదట సృష్టింపబడినవాడని వాదించేవారు 89వ కీర్తన చూడాలి. యెష్షయి ఎనిమిదిమంది కొడుకుల్లో కడపటివాడైన దావీదును దేవుడు అక్కడ జ్యేష్ఠునిగా చేస్తానన్నాడు. అది పుట్టిన వరుస కాదు, ఇచ్చిన స్థానం.

ఆ స్థానంలో ఉన్న యేసుప్రభువు రెండు పాళ్లు తీసుకోలేదు. తన స్వాస్థ్యంలో మనల్ని తోటి వారసులుగా చేర్చుకున్నాడు. హెబ్రీ 12:23 ఇంకాస్త ముందుకెళ్లి సంఘాన్నే జ్యేష్ఠుల సంఘం అంటుంది. ఆ బహువచనంలో స్త్రీలూ ఉన్నారు.

చదువు మాని, కుప్పంలో బెంగళూరు రైలెక్కి పనికెళ్లి, తమ్ముళ్లను చదివించిన పెద్దకూతుళ్లు మన సంఘాల్లో లేరా? మదనపల్లెలో పట్టుమగ్గం ముందు కూర్చున్న అక్కలు లేరా? వాళ్లను జ్యేష్ఠులని ఎవరూ అనరు. పంపకం రోజున 'నాకేమీ వద్దు' అన్న కాగితం మీద సంతకానికి మాత్రం పిలుస్తారు. ఆ కాగితం ముందుపెట్టే సంఘపెద్దలు ముందుగా హెబ్రీ 12:23 ఆమెకు చదివి వినిపించి, ఆ తర్వాత పెన్ను చేతికివ్వగలరా?