కిటికీ మూసిందెవరు?

"ఆడవాళ్ళకి గ్యాసంటే బొత్తిగా జాగ్రత్త లేదండీ!" ఈ మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మాది విశాఖపట్నం మహారాణిపేటలో పాతకాలపు ఇల్లు. కట్టెలపొయ్యి రోజుల్లో కట్టిన వంటిల్లు. పొగ పోవడానికి చూరుకింద వెంటిలేటరు పెట్టారు, బాగానే ఉంది. కాని సిలిండర్లో గ్యాసు గాలికన్నా బరువు. కారిందంటే నేలబారుగా పాకుతుంది. దానికి తలుపు కింద సందుండాలి. బొద్దింకలొస్తున్నాయని మా వారు ఆ సందు కాస్తా మూయించారు. దోమలొస్తున్నాయని స్నానాలగది కిటికీకి చెక్క కొట్టించారు. ఆ గదిలోనే గ్యాసు గీజరు!

కిందటి పుష్యమాసంలో మా అమ్మాయి తలంటుకుని వస్తూ గుమ్మంలోనే కూలబడింది. తలతిరుగుడు, వాంతి. "దిష్టే తల్లీ" అంటూ అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పేశారు. "ఏమీ తినకపోతే అంతే" అన్నారు మా వారు. డాక్టరుగారు మాత్రం ఒక్కటే అడిగారు: "స్నానాలగదికి కిటికీ ఉందా అమ్మా?"

ఇరుకు గదిలో గాలి చాలక గ్యాసు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. వంటగ్యాసు కారితే తెలియాలని అందులో వాసన కలుపుతారు. దీనికి వాసనా లేదు, రంగూ లేదు. నెత్తుట్లో ఆక్సిజన్ చోటు కాజేసి కూర్చుంటుంది. ఎంత జాగ్రత్త గల ఇల్లాలైనా దేన్ని చూసి పసిగట్టాలి?

మన ఊరికి ఇలాంటివి కొత్తా? 1997 సెప్టెంబరు 14న హిందుస్తాన్ పెట్రోలియం రిఫైనరీలో గ్యాసు అంటుకుని 50 మందికి పైగా పోయారు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడి 12 మందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడు కట్టినవాళ్ళనీ, నడిపినవాళ్ళనీ నిలదీశాం. అదే ఇంట్లో జరిగితే ఇల్లాలిని నిలదీస్తామేం?

రాత్రి రెగ్యులేటరు ఆపడం, వాసనొస్తే స్విచ్చి ముట్టకుండా తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కి ఫోను చెయ్యడం మన పని. చేస్తూనే ఉన్నాం. 5 ఏళ్ళకోసారి ట్యూబు మార్పించడం, గోడకి సందు కొట్టించడం, గీజరు గది బయటికి మార్పించడం మాత్రం డబ్బూ గోడా ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళ పని. హాల్లో గ్రానైటు పరిపించిన చేతికి ఇదొక బరువా?

మా గీజరు ఇప్పుడు బయటిగోడకి మారింది. కిటికీ చెక్క నేనే పీకించాను. దోమలొస్తున్నాయని మా వారు సణుగుతున్నారు. రానివ్వండి. దోమ కుడితే కనీసం తెలుస్తుంది!