ఆశ అంటే ఊరడింపు మాట కాదు

సంపాదకుల వారికి,

మానసిక చికిత్సలో ఆశ గురించి గత ఆదివారం మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. బాధితులకు లేనిపోని ఆశలు కల్పించకూడదన్నంత వరకు రచయితతో ఏకీభవిస్తాను. కానీ ఆశకు చికిత్సలో చోటే లేదని తేల్చెయ్యడం అన్యాయం.

పద్ధతులు వేరైనా చికిత్సలన్నిటిలో పనిచేసే ఉమ్మడి శక్తుల్లో ఆశ ఒకటని మనోవైద్యుడు జెరోమ్ ఫ్రాంక్ 1961లోనే వాదించారు. నిస్పృహను కొలవడానికి మరో మనోవైద్యుడు ఆరన్ బెక్ బృందం 1974లో 20 వాక్యాల కొలమానం తయారుచేసింది. ఆత్మహత్య ఆలోచనలతో ఆసుపత్రిలో చేరినవారిని ఏళ్ల తరబడి గమనించి, ముప్పును ముందే పట్టిచ్చే బలమైన సూచన ఆ నిస్పృహేనని 1985లో వెల్లడించింది. దాన్ని తగ్గించడం చికిత్స కాకపోతే మరేమిటి?

నేను కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇంటర్ తప్పి, తలుపు వేసుకుని పడుకున్న పిల్లకు ‘అంతా మంచే జరుగుతుందమ్మా’ అంటే చెవికెక్కదు. ‘రేపు పొద్దున్నే స్నానం చెయ్యి, సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరు తేదీ కనుక్కో’ అని ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకుంటాం. మరుసటి వారం ఆ రెంటిలో ఒక్కదాని పక్కన టిక్కు పెట్టుకొచ్చినా చాలు, ఆ రోజు మాట కలుస్తుంది. దారి కనబడాలి, నడవగలనన్న నమ్మకమూ కలగాలి. మనస్తత్వవేత్త స్నైడర్ ‘ఆశ’ అన్నది ఈ రెంటినే.

ఒక్క విన్నపం. ఇలాంటి వ్యాసాల కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచిత నంబరు 14416 తప్పకుండా వెయ్యండి. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవారుంటారు.

– ఒక పాఠకురాలు, గుంటూరు